దీవించిన కట్ట

పండుగ పొద్దున్నే సెవెరీనా పెరట్లోకి వెళ్లి, టమాటా మొక్కల వెనక పెంచుకున్న గంజాయి మొక్కను మొదలంటా కోసేసింది. కోస్తున్నంతసేపూ మరియమాతకు క్షమాపణ చెప్పుకుంటూనే ఉంది.

వేరే దారి లేదు. జిల్లా నుంచి ఆఫీసర్లు వస్తున్నారని, పండుగపూట మధ్యాహ్నం ఊళ్లో ప్రతి పెరడూ చూస్తారని పోలీసు సార్జెంట్ వితోల్ద్ నిన్న ఇంటింటికీ చెప్పి వెళ్లాడు. “మా అమ్మ పెరడైనా సరే, వదలరు,” అన్నాడు పైగా. అంత నిక్కచ్చి మనిషి. పోయిన వేసవిలో పక్కింటి యద్విగా పెంచిన గంజాయి మొక్కను వేళ్లతో సహా తవ్వి, తడిగోనెలో చుట్టి జీపులో పెట్టుకుపోయాడు. సాక్ష్యం వాడిపోకూడదట. పాపం, యద్విగా జరిమానా కట్టి ఊరందరి నోళ్లలో నానింది.

సెవెరీనా మొగుడు లుత్సియాన్‌ది నరాల జబ్బు. ఉన్నట్టుండి కాళ్లు కర్రల్లా బిగుసుకుపోతాయి. అంతటి మనిషీ దిండు కొరుక్కుని ఏడుస్తాడు. ఆ ఆకును వెన్నలో కాచి రొట్టెకు రాసిపెడితే కాసేపటికి కాళ్లు సడలి, నోరు లేస్తుంది. డాక్టరు చీటీ రాస్తే మందుల షాపులోనూ అదే దొరుకుతుంది, పోలండ్ చట్టం కాదనదు. కాకపోతే దాని ధర వింటే కాళ్లతోపాటు గుండె కూడా బిగుసుకుపోతుంది. ఈ మొక్క చేజారితే ఈ చలికాలం ఆయన్ని ఎలా గట్టెక్కించాలో ఆమెకు తెలియదు.

“ఎక్కడ దాస్తావే దాన్ని?” అన్నాడు లుత్సియాన్ మంచం మీంచి.

“దాచను. చర్చికి పట్టుకెళ్తా.”

“ఫాదర్‌కి కూడా కాళ్లనొప్పులా?”

“మీ వెటకారం తర్వాత. ఆ నీలం రిబ్బను ఇటివ్వండి.”

ఇవాళ మూలికల మాత పండుగ. ఆడవాళ్లంతా పెరట్లోని ఆకూ పువ్వూ కట్టలు కట్టి చర్చికి మోసుకెళ్తారు. ఫాదర్ దీవించిన కట్టను ఇంటికి తెచ్చుకుని, ఎండబెట్టి, ఏడాది పొడుగునా మందుకు వాడుకుంటారు. చంకనిండా పచ్చటి కొమ్మలు పెట్టుకుని నడివీధిలో నడిచినా ఇదేమిటని ఎవరూ అడగని రోజు ఇదొక్కటే. సెవెరీనా గంజాయి కొమ్మల్ని మధ్యలో పెట్టి చుట్టూ మాచిపత్రి, పుదీనా, గసగసాల కాయలు దట్టించింది. మాత దీవిస్తే మందు, పోలీసు చూస్తే నేరం. ఆమె మాతనే నమ్ముకుంది.

చర్చిలో కట్టలన్నీ వేదిక ముందు మెట్ల మీద పేర్చారు. చూస్తే ఏముంది, వితోల్ద్ యూనిఫాంలో ఆ కట్టల పక్కనే గుడ్లప్పగించి నిలబడి ఉన్నాడు. సెవెరీనాకు ప్రార్థన మాటలు గుర్తు రాలేదు. ఘాటైన వాసన గుప్పున కొడుతున్నట్టే అనిపించింది. పక్కన కూర్చున్న వితోల్ద్ తల్లి క్లెమెంతీనా మాత్రం హాయిగా జపమాల తిప్పుకుంటోంది. కీళ్లవాతంతో నిరుడు చెంచా కూడా పట్టుకోలేని మనిషి. కొడుకు గంధకపు నీళ్ల స్నానాలకు పంపించాడట, వేళ్లు విచ్చుకున్నాయట. అందరికీ అలాంటి కొడుకులుంటారా అనుకుంది సెవెరీనా.

ఫాదర్ నీళ్లు చిలకరించాడు. పూజ అయిందో లేదో అందరూ ఒక్కసారిగా మెట్ల మీదికి ఎగబడ్డారు. తోపులాటలో నీలం రిబ్బను కనిపించగానే సెవెరీనా ఆ కట్టను లాక్కుని వెనక్కి చూడకుండా ఇంటికొచ్చి పడింది.

ఆఫీసర్లు వచ్చారు, టమాటాలు చూశారు, బాగా కాశాయని మెచ్చుకుని వెళ్లిపోయారు. అప్పుడు గాని ఆమె ఊపిరి పీల్చుకోలేదు. తీరిగ్గా కట్టను చూసుకుంటే అందులో కొమ్మతో సహా ఓ చిన్న ఎర్రటి యాపిల్ వేలాడుతోంది.

తను యాపిల్ కట్టలేదు. ఊళ్లో కట్టలో యాపిల్ పెట్టే అలవాటు ఒక్క క్లెమెంతీనాకే ఉంది. ఆమె కట్టేదీ నీలం రిబ్బనే.

“ఏవండీ, మన కట్ట సార్జెంటు ఇంటికి పోయింది.”

“జైల్లో రొట్టెకి వెన్న ఇస్తారేమో కనుక్కో,” అన్నాడు లుత్సియాన్. ఆ మాటకు తనే నవ్వలేకపోయాడు. కాళ్లు అప్పుడే బిగుసుకోవడం మొదలుపెట్టాయి.

వెళ్లి మార్చుకు వద్దామా అనుకుంది గాని, సార్జెంటు గుమ్మం ఎక్కి ఏమని అడుగుతుంది? ఒకరింటి దీవెన కట్టను ఇంకొకరు విప్పితే ఆ ఇంటికి అరిష్టం అంటారు. అందుకని దాన్ని ముట్టుకోకుండా బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చుంది.

పొద్దు వాలకముందే తలుపు చప్పుడైంది. వితోల్ద్. అదే యూనిఫాం. చంకలో ఆమె కట్ట, రిబ్బను విప్పి ఉంది. లోపలికొచ్చి, వీధిలోకి ఓసారి చూసి, తలుపు గొళ్లెం పెట్టాడు.

సెవెరీనా రెండు చేతులూ ముందుకు చాపింది. “ఆయనకేం తెలీదు నాయనా. నాటింది నేను, కోసింది నేను. నన్ను తీసుకెళ్లు. కాకపోతే ఆయన్ని చూసుకోడానికి ఎవరినైనా పెట్టు. ఆ కాళ్లు అలా వదిలేస్తే మనిషి బతకడు.”

వితోల్ద్ టోపీ తీసి చేత్తో నలిపాడు. చెవులు ఎర్రబడ్డాయి. బల్ల మీద యాపిల్ ఉన్న కట్టను చూసి, చంకలోదాన్ని దాని పక్కన పెట్టాడు.

“మీది మీరుంచుకుని మాది మాకిచ్చెయ్యండి పిన్నీ, మీ కట్టలో ఉన్న గంజాయి మా అమ్మ కీళ్లకి ఏ మూలకి సరిపోతుంది?”