వెనక్కి తొక్కిన సైకిళ్ళు

యుద్ధం ముగిసిన ఏడాది, మాచర్ల దగ్గర రెండు నాపరాళ్ళ క్వారీ గుంతల మధ్య దారిలో బాలకోటయ్య, అంకారావు సైకిళ్ళ మీద ఎదురుపడ్డారు. ఇద్దరూ బావాబావమరుదులు. పెళ్ళి భోజనాల్లో ముందు విస్తరి ఎవరికి వేశారన్న తగాదాతో ఆరేళ్ళుగా వాళ్ళ మధ్య మాటల్లేవు.

అది ఒక్క సైకిలే పట్టే దారి. వెనక్కి తిప్పాలంటే దిగాలి. ముందు దిగినవాడు ఓడిపోయినట్టే. అందుకని ఇద్దరూ ఒక కాలు నేలకు ఆనించి సీటు మీదే ఉండిపోయారు.

"నేనే తగ్గుతాలే బావా," అంటూ అంకారావు రెండో కాలితో పెడలు వెనక్కి తొక్కాడు. ఫ్రీవీలు టికటికమంది. సైకిలు కదల్లేదు.

"చిన్నోడివి, నువ్వు తగ్గేదేంది. నేనే పోతా." బాలకోటయ్య కూడా వెనక్కి తొక్కాడు. అదీ టికటికమంది.

ఫ్రీవీలు ముందుకు తొక్కితేనే చక్రాన్ని పట్టుకుంటుంది, వెనక్కి తొక్కితే ఉత్త చప్పుడే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా మధ్యాహ్నం దాకా మర్యాదగా తొక్కారు.

చివరికి బాలకోటయ్య చెమట తుడుచుకుని అడిగాడు. "ఇంతకీ యాడికిరా బయల్దేరావు?"

"మీ ఇంటికే బావా. రాజీ పడదామని."

బాలకోటయ్య పెడలు మీంచి కాలు తీశాడు. "నేనూ అందుకే మీ ఇంటికి వస్తన్నారా."

ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. ఆరేళ్ళ తగాదా అక్కడితో తీరిపోయింది.

"అయితే పద బావా, మా ఇంటికి. ముందు విస్తరి నీకే."

"అదేం కుదరదు. మా ఇంటికే పద. ముందు విస్తరి నీకే."

తరవాత రెండు సైకిళ్ళూ మళ్ళీ టికటికమన్నాయి.