చప్పుడు ఆపొద్దు

“తాడు అయిపోయింది, రాగ్నా. బడి దాకా కాదు కదా, మన బావి దాకా కూడా పోలేకపోయాను.”

తలుపు నెట్టుకుని లోపల పడ్డ హల్వోర్ కనురెప్పలు మంచుతో అతుక్కుపోయి ఉన్నాయి. బట్టలారేసే తాడూ, నాగలి పగ్గాలూ కలిపి ముడేసి నడుముకు చుట్టుకుని, బడికెళ్ళిన కూతురు డాగ్నీ కోసం మంచు తుఫానులో బయల్దేరిన మనిషి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

“పొద్దున ఎండ చూసి మురిసిపోయి పిల్ల కోటు ఉతికేశావు,” అంది పొయ్యి దగ్గర కూర్చున్న అత్తగారు బెరిట్. “డకోటాలో జనవరి ఎండని నమ్మిన తల్లిని నిన్నే చూశాను.”

ఆ కోటు పలకలా గడ్డకట్టి గుమ్మం పక్కన నిలబడి ఉంది. రాగ్నా బట్టలు ఉతికే రేకు తొట్టిని గుమ్మంలో బోర్లించి, కర్రతో బాదడం మొదలుపెట్టింది.

“ఈ గాలిలో ఎవరికి వినిపిస్తుందే?”

“దానికి వినిపిస్తుంది అత్తయ్యా. రోజూ భోజనానికి పిలిచేది ఈ చప్పుడుతోనే కదా. ఎంత దూరాన ఆడుకుంటున్నా పరుగెత్తుకొస్తుంది.”

“టీచరమ్మ బడిలోనే ఉంచేసుకుని ఉంటుంది.”

“ముందే పంపేసి ఉంటే?”

హల్వోర్ అన్నాడు, “కొట్టు. ఆపొద్దు.”

చీకటి పడింది. మంచు తగ్గలేదు. రాగ్నా అరచేతులు పగిలి కర్ర ఎర్రబడింది. అత్తగారు లేచి వచ్చి కర్ర లాక్కుంది.

“ఇలా తే. నాకు నోరొక్కటే ఉందనుకున్నావా, చేతులు లేవా?”

అలా ఒకరి తర్వాత ఒకరు కొడుతూనే ఉన్నారు. మధ్యలో ఒకసారి హల్వోర్ తాడు పట్టుకుని పశువుల పాకకి వెళ్ళొచ్చాడు. గాలి గిర్రున తిరుగుతోంది. తొట్టి చప్పుడు గట్టిగానే వినపడుతోంది గానీ, ఒకసారి ఎడమ నుంచీ, ఒకసారి వెనక నుంచీ వస్తోంది. తాడు లేకపోతే తన ఇల్లు తనకే దొరికేది కాదు. ఆ మాట అతను ఆడవాళ్ళతో అనలేదు.

తెల్లారేసరికి గాలి పడిపోయింది. ఏమీ జరగనట్టు ఎండ కాసింది. హల్వోర్, పక్క పొలం ఐనార్‌ని తోడు తీసుకుని వెతకడానికి వెళ్ళాడు. ఎంతోసేపు కాలేదు, ఇద్దరూ దుప్పటిలో ఒక పిల్లని చుట్టి మోసుకొస్తూ కనిపించారు.

“కాళ్ళు కదుపుతోంది! బతికే ఉందే అమ్మాయ్!” అని అరిచింది బెరిట్.

రాగ్నా మోకాళ్ళ లోతు మంచులో పడుతూ లేస్తూ వెళ్ళి దుప్పటి తొలగించింది. ఐనార్ కూతురు హెల్గా. బడిలో డాగ్నీ పక్కన కూర్చునే పిల్ల.

హల్వోర్ తల ఎత్తలేదు. “మన పొలం చివర గడ్డివాములో ఉంది. ఒక్కతే,” అన్నాడు.

హెల్గా అప్పుడే కళ్ళు తెరిచింది.

“డాగ్నీ నీతో రాలేదా తల్లీ?”

“వచ్చింది అత్తా. ఇద్దరం గడ్డివాములో దూరాం. లోపల వెచ్చగానే ఉంది. తెల్లారేదాకా కదలొద్దనుకున్నాం.” ఆ పిల్ల పెదాలు తడుపుకుంది. “ఇంతలో మీ తొట్టి చప్పుడు వినపడింది. అమ్మ పిలుస్తోంది, వెళ్ళి నాన్నని పంపిస్తానంది. వద్దన్నా ఆగలేదు.”

హెల్గా మెల్లగా మెడ తిప్పి హల్వోర్ వంక చూసి నవ్వింది.

“అన్నట్టే మామయ్యని పంపించింది. తనేదీ, ఇంకా లేవలేదా?”