లోపలి జిప్పు

దర్జీకీ, వాళ్ళ అక్క మొగుడికీ చలికాలంలో అడవికి వెళ్ళి ఒక్క రాత్రి పడుకుని రావడం సరదా. మంచు కురవని కొండ చూసుకోవాలి, నడక రెండు గంటలు మించకూడదు. "పొద్దు పొట్టిగా ఉన్నప్పుడు నడక పొడుగెందుకురా" అంటాడు బావ.

ఈసారి గుడారం దర్జీయే కుట్టాడు. అంతా కుదిరింది గానీ, జిప్పు తిరగేసి వేశాడు. పట్టుకుని లాగే బిళ్ళ లోపలివైపే ఉండిపోయింది. బయటున్నవాడికి లోపలివాడే తియ్యాలి, లోపలివాడే మూయాలి.

"ఊరందరికీ కుట్టే చెయ్యి, సొంతానికి వచ్చేసరికి ఇంతే" అని బావ పడుకునేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

అర్ధరాత్రి బావ అవసరానికి లేచి బూట్లు తొడుక్కున్నాడు. "ఇప్పుడే వస్తా, జిప్పు తెరిచే ఉంచు" అని బయటికి వెళ్ళాడు. దర్జీకి కునుకు పట్టేసింది.

మెలకువ వచ్చేసరికి చలిగాలి తగలడం లేదు. జిప్పు మూసి ఉంది. పక్కన బావ ముసుగుతన్ని పడుకున్నాడు. హమ్మయ్య అనుకుని దర్జీ అటు తిరిగాడు.

అప్పుడు బయట ఎండుటాకులు నలిగాయి.

"ఒరేయ్, తెరిచి ఉంచమంటే మూసేశావేంట్రా. తియ్యి, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి."

బావ గొంతే.

దర్జీ చీకట్లో గుమ్మం దగ్గర తడిమాడు. ఒక్క జత బూట్లే తగిలాయి. అవి తనవి.

"బావా" అన్నాడు. ఎవర్ని పిలిచాడో తనకే తెలియలేదు.

"తియ్యకురా" అంది పక్కన ముసుగులోంచి బావ గొంతు. "బిళ్ళ లోపల కుట్టడమే మంచిదైంది."