శుక్రవారం ఉపవాసం

"దేవుని చిత్తం లేదు బిడ్డా. ఊకో ఇగ," అన్నాడు సంఘపెద్ద పర్శరాములు, చర్చి గడప దగ్గరే.

సృజనకు ఒళ్ళు మండింది. డంపర్ డ్రైవింగ్ పరీక్షలో నిన్ననే మళ్ళీ ఫెయిలయింది. పొద్దున్నుంచి ఈ మాట అన్నవాళ్ళలో ఈయన మొదటివాడేం కాదు.

"స్టీరింగ్ పట్టింది నేను. తప్పు చేసింది నేను. నడుమ దేవునికేం సంబంధం, పెద్దయ్యా? మీ కొడుకు డిగ్రీ ఫెయిలైతే మల్ల రాయమన్నరు. అప్పుడు యాదికి రాలేదా గీ చిత్తం?"

ఆడపిల్లకు అంత బండి ఎందుకని నవ్వుతూ ఆయన లోపలికి పోయాడు. పక్కనున్న తల్లి రోజారాణి కూతురి చేయి పట్టుకుని ఆడవాళ్ళ వైపు నడిచింది.

సృజన తండ్రి బాలమల్లు మందమర్రి దగ్గరి ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో మట్టి మోసే డంపర్ నడిపేవాడు. మట్టి పారబోసే గుట్ట మీద బండిని వెనక్కి తీస్తుంటే అంచు జారి, బండితో సహా కిందపడి చనిపోయాడు. ఆయన బదులు సృజనకు ఉద్యోగమిచ్చి, ఆఫీసులో చాయ్ గ్లాసులు చేతికిచ్చారు. అది అవమానంగా తోచి, డంపర్ నేర్చుకుంటానని ఆమె పట్టుబట్టింది.

అప్పటినుంచి రోజారాణి శుక్రవారం ఉపవాసం పట్టింది. పరీక్షలు జరిగేది శనివారం. ప్రార్థన కూటంలో అందరూ గొంతెత్తి వేడుకుంటే, ఆమె పెదవులు మాత్రమే కదిలేవి. ఫెయిలయి వచ్చినప్పుడల్లా సృజన అన్నం ముట్టేది కాదు. తల్లి మాత్రం కడుపునిండా తిని, "దేవుడున్నడు బిడ్డా," అనేది. తనకు ధైర్యం చెప్పడానికే అలా ఉంటోందని సృజన అనుకునేది.

ఆ ఆదివారం పాస్టరయ్య బైబిల్లోని తలాంతుల ఉపమానం ఎత్తుకున్నాడు. యజమాని ఇచ్చిన సొమ్మును భయంతో మట్టిలో పాతిపెట్టిన దాసుడి దగ్గర ఆగాడు.

"మనం బొగ్గుబాయి మనుషులం. పాతిపెట్టుడు మన పని కాదు, తవ్వి తీసుడు మన పని. నాకు రాదు అనకుండ్రి. ఇంకా రాలే అనుండ్రి. గా 'ఇంకా'లనే ఉన్నది విశ్వాసం."

జనం నవ్వారు. సృజన నవ్వలేదు. మర్నాడు నేరుగా శిక్షణ ఇచ్చే ఓంప్రకాశ్ సార్ దగ్గరికి పోయి, తనకు రానిదేమిటో చెప్పమని నిలదీసింది.

"బండి మంచిగనే తోలుతున్నవ్. అంచు కాడికి రాంగనే ఎడమ అద్దం చూస్తలేవు. భయం. ఇంకొక్కసారే ఉన్నది నీకు. గిది పోతే మల్ల చాయ్ గ్లాసులే."

సాయంత్రం క్వార్టర్ల సందులో బండి అద్దాల్లా రెండు చేతులా రెండు అద్దాలు పట్టుకుని సృజన వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ముందుకు నడిచే మొగుణ్ణి చూసుకోమని ఎదురింటి కమలవ్వ ఎగతాళి చేసింది. సృజన పట్టించుకోకుండా తల్లిని పిలిచింది.

"అవ్వా, జర నా ఎన్క నిలబడు. నువ్వే అంచు."

రోజారాణి రెండడుగులు దూరం జరిగింది. "నాకు తగిలితే?"

"తగల. అద్దంల కనవడుతున్నవ్ కద."

రోజూ నిలబడింది. మొదట్లో కళ్ళు గట్టిగా మూసుకునేది. ఉపవాసం మాత్రం మానలేదు.

చివరి పరీక్ష నాటి శనివారం గుట్ట అంచుకు వచ్చినప్పుడు సృజన ఎడమ అద్దంలోకి చూసింది. అక్కడ తల్లి నిలబడి ఉన్నట్టే అనిపించింది. బండి ఆగాల్సిన చోట ఆగింది. ఓంప్రకాశ్ సార్ తలూపాడు.

ఇంటికి పరుగెత్తుకొచ్చి పాసయ్యానని చెబితే, రోజారాణి కూతుర్ని గట్టిగా వాటేసుకుని ఏడ్చింది. ఆ పూట అన్నం ముట్టలేదు. సంతోషంతో ఆకలి పోయిందనుకుంది సృజన.

ఆదివారం, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో సృజన లేచి నిలబడింది.

"దేవుని చిత్తం లేదన్నోళ్ళు గీడనే ఉన్నరు," అంటూ పర్శరాములును సూటిగా చూసింది. ఆయన బైబిల్లో పేజీలు తిప్పుకున్నాడు. "మా అవ్వ ప్రతి శుక్రవారం పస్తులుండి అడిగింది. దేవుడు ఆమె మొర విన్నడు."

"స్తోత్రం," అన్నది సంఘమంతా. అందరికంటే గట్టిగా పర్శరాములే అన్నాడు.

సృజన కూర్చుంది. రోజారాణి తలమీది కొంగు సర్దుకుని, కూతురి చెవి దగ్గరికి వంగింది.

"నేనడిగింది నిన్ను ఫెయిల్ చెయ్యమనే, బిడ్డా."