పర్లరాణి మూడు మునకలు

పెంటకుప్ప రాజ్యానికీ చెరువు రాజ్యానికీ వానపాముల కోసం తరతరాలుగా యుద్ధం. సంధి కోసం కోడిరాజు తన కూతురు పర్లను బాతురాజుకిచ్చి పెళ్ళి చేశాడు. "అలిగి వచ్చేశావంటే మళ్ళీ యుద్ధమే తల్లీ," అని మరీ మరీ చెప్పి సాగనంపాడు.

పట్టాభిషేకం రోజున అత్తగారు పెద్దబాతు మెడ సాచి, "మా ఇంటి ఆచారం! చెరువులో మూడు మునకలు వేశాకే రాణికి కిరీటం," అంది.

పర్లకు పైప్రాణాలు పైనే పోయాయి. మునిగితే చావు, మానితే యుద్ధం. కాసేపు ముక్కు నేలకు రుద్దుకుని, "అలాగే అత్తయ్యా! మా పుట్టింట్లోనూ ఒక ఆచారముంది. కోడలు మునిగేముందు అత్తగారు చెట్టెక్కి కూర్చుని దీవించాలి," అంది.

అత్తగారు తగ్గుతుందా? జామచెట్టు ఎక్కబోయి ధబ్బున పడింది. మళ్ళీ ఎగిరింది, మళ్ళీ పడింది. మూడోసారి బురదలోంచి లేచి, చుట్టూ చూసి, చెట్టు వేరు మీద చతికిలబడింది.

"ఇదీ చెట్టే కదమ్మా?"

"కాకపోతే మరేంటి అత్తయ్యా!" అంటూ పర్ల కాలివేలు మూడుసార్లు నీళ్ళలో ముంచింది.

కిరీటం పెట్టేశారు. అబ్బ, ఎంత లోతు మునిగిందో అని బాతులన్నీ మెచ్చుకున్నాయి. అందరికంటే గట్టిగా మెచ్చుకున్నది అత్తగారే.