చివరి సీనులో తగ్గిందెవరు

"ఆ షెల్ఫు మీద చెయ్యి వెయ్యకు. మరకలు పడితే మళ్ళీ తుడవాల్సింది నేనే," అన్నాడు అన్న.

"తుడవండి. మీకు వేరే పనేముంది?" అంది చెల్లెలు.

ఊహ తెలిసినప్పటి నుంచీ అతన్ని "నువ్వు" అని పిలిచిన మనిషి "మీరు" అనడం మొదలుపెట్టి ఏడాదయింది. తండ్రి పోయిన రోజున మొదలుపెట్టింది. ఆ "మీరు" చెవిన పడినప్పుడల్లా అతనికి ఒళ్ళు మండిపోతుంది.

గదిలో మూడు గోడలూ తండ్రి పోగుచేసిన సినిమాలే. పాత వీడియో క్యాసెట్లు, వాటి తర్వాత వచ్చిన డీవీడీలు. అన్నీ ఎక్కడెక్కడి దేశాలవో. పండితులు మెచ్చుకున్నవి, హాల్లో వారం ఆడనివి. ఆయన పోయాక వాటికి బూజు పట్టకుండా కాపాడింది అన్నే. నెలకోసారి ప్రతి క్యాసెట్టునూ ముందుకీ వెనక్కీ తిప్పి పెడతాడు. అలాగని ఒక్కటైనా కూర్చుని చూసిన పాపాన పోలేదు. చిన్నప్పుడు నాన్న పక్కన చూసిందే చూడటం. అయినా ఈ గోడలు ఖాళీ అయితే తను తట్టుకోలేడు. ఆ సంగతి చెల్లెలికి తెలుసు. అందుకే వాటా అడగడానికి వచ్చింది.

వాళ్ళిద్దరి మధ్యా కుర్చీలో కింది వాటా టీచరమ్మ కూర్చుంది. కాలేజీలో విదేశీ భాషలు చెప్పి రిటైరైన మనిషి, తండ్రికి పాత స్నేహితురాలు. ఆవిడ ఒళ్ళో గట్టిగా టేపు చుట్టిన పొట్లం ఉంది.

"ఇద్దరూ ఉన్నప్పుడే విప్పమన్నారు మీ నాన్న. ఏడాదిలో మీరిద్దరూ ఒక గదిలో కూర్చుంటే కదా," అంటూ ఆవిడ కత్తెర పెట్టి కోసింది.

లోపల ఒక క్యాసెట్టు, ఒక చీటీ. టీచరమ్మ చీటీ పైకి చదివింది.

"ఈ సినిమా చివరి సీనులో అన్న తగ్గాడా, చెల్లెలు తగ్గిందా? సరిగ్గా చెప్పినవాళ్ళవే నా సినిమాలన్నీ."

అట్ట చూడగానే ఇద్దరూ గుర్తుపట్టారు. ఒక అన్నా చెల్లెలూ సినిమా పొడుగునా కొట్టుకుంటారు. చివర్లో ఓడరేవులో ఎదురుపడి, ఏదో మాట్లాడుకుని, కలిసి ఇంటికి వెళ్ళిపోతారు. చిన్నప్పుడు వీళ్ళిద్దరూ జుట్లు పట్టుకున్న రోజునల్లా తండ్రి ఈ క్యాసెట్టే పెట్టేవాడు. తల్లి నర్సు. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలంతా పక్క గదిలో పడుకునేది కాబట్టి టీవీ సౌండు పెట్టడానికి కూడా లేదు. పిల్లలకు అర్థం కాని దేశం, అర్థం కాని మనుషులు. చెరో పక్కా కూర్చోబెట్టుకుని, తెర మీద వాళ్ళేమంటున్నారో కాసేపు వీడి చెవిలో, కాసేపు దాని చెవిలో గుసగుసగా చెప్పేవాడు.

"అన్న తగ్గాడు," అన్నాడు అతను. "'తప్పు నాదేనమ్మా, ఇంటికి పద' అంటాడు. నిన్న విన్నట్టుంది నాకు."

"కాదు. చెల్లెలే తగ్గింది. 'నువ్వు అడగక్కర్లేదన్నయ్యా, నేనే వస్తున్నా' అంటుంది."

"అప్పుడు నీకు ఆరేళ్ళు. ఏం గుర్తుంటుంది నీ మొహం?"

"అదీ గుర్తుంది, కిందటేడు మీరు చేసిందీ గుర్తుంది. నాన్న నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. నాకు ఫోన్ ఎప్పుడొచ్చింది? అంతా అయిపోయాక."

"అంతకు ముందు నెల్లాళ్ళు నా ఫోన్ ఎత్తావా నువ్వు?"

"మెసేజ్ పెట్టడానికి చేతులు పడిపోయాయా?"

తగ్గడం గురించి జరుగుతున్న ఆ గొడవలో ఇద్దరూ ఒక్క మెట్టు దిగలేదు.

"గెలిచాక ఒక్క క్యాసెట్టు కూడా ఉంచను. ఖాళీ గోడలు చూసుకుంటూ కూర్చోండి," అంది ఆమె.

"నేను గెలిస్తే నువ్వు మళ్ళీ ఈ గుమ్మం ఎక్కకు," అన్నాడు అతను.

టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. "ఆ భాష నాకొచ్చు. ఆఖరి సీను పెట్టండి. వాళ్ళేమంటే అదే చెప్తాను. ఇద్దరూ దానికి కట్టుబడాలి."

అన్న క్యాసెట్టు లోపలికి తోసి చివరిదాకా జరిపాడు. ఓడరేవు వచ్చింది. మంచులో అన్నా చెల్లెలూ ఎదురుబొదురుగా నిలబడ్డారు. పెదాలు కదులుతున్నాయి. టీవీలోంచి ఒక్క మాట బయటికి రాలేదు. అతను సౌండు పూర్తిగా పెంచాడు. ఏమీ లేదు.

"సౌండు తీసేశారు కదూ, ఓడిపోతామని తెలిసి?" అంది చెల్లెలు.

"పిచ్చివాగుడు వాగకు. పొట్లం నీ ఎదురుగానే కదా విప్పింది."

అయినా వైరు పీకి మళ్ళీ గుచ్చాడు. షెల్ఫులోంచి వేరే క్యాసెట్టు తీసి పెట్టి చూశాడు. అందులో ఎవరో ముసలాయన దగ్గితే గది దద్దరిల్లింది. మళ్ళీ మొదటిది పెట్టాడు. పెదాలే కదిలాయి.

"క్యాసెట్టు పాడైపోయింది. ఏడాదిపాటు పొట్లంలో మగ్గితే పాడవదా? నువ్వు ముందే వచ్చి ఉంటే ఈ గతి పట్టేదా దీనికి?"

"రమ్మని ఒక్కసారి పిలిచారా?"

టీచరమ్మ ఈ అరుపులేవీ పట్టించుకోలేదు. అట్ట తిరగేసి, వెనకవైపు సన్నటి విదేశీ అక్షరాలను వేలు పెట్టి చదువుతోంది. చదవడం అయ్యాక ఒకసారి అతని వైపు, ఒకసారి ఆమె వైపు చూసింది.

"ఆ మాటలు మీరిద్దరూ మీ చెవులతో విన్నారా?"

"విన్నాం," అన్నారిద్దరూ. ఏడాదిలో ఇద్దరూ కలిసి అన్న మాట అదొక్కటే.

టీచరమ్మ అట్టను బల్ల మీద పెట్టింది.

"ఇది మూకీ సినిమా."