పటంలో లేని గడి

కర్నూలు కొత్త రాజధాని. ఆఫీసులు గుడారాల్లో ఉన్నాయి. అర్జీలు ఎక్కడున్నాయో మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ సంగతి తేల్చడానికి మద్రాసు నుంచి పార్థసారథి గారిని పిలిపించారు. ఏ అర్జీ ఏ బల్ల మీద నుంచి ఏ బల్ల మీదికి పోతుందో పటం గీయడంలో ఆయన దిట్ట. సూపరింటెండెంటును అడిగారు, గుమాస్తాలను అడిగారు. నలుగురూ నాలుగు దారులు చెప్పారు. నాలుగూ గీసేశారు. నలభై గడులు, వాటి మధ్య ఎర్ర సిరా బాణాలు. గాలికి చిరగకుండా దళసరి అట్ట కట్టించి గుడారం గుంజకు వేలాడదీయించారు. చూసినవాళ్లంతా ఆహా అన్నారు. అర్థమైనవాళ్లు లేరు కాబట్టి తప్పు పట్టినవాళ్లూ లేరు.

బిళ్ళబంట్రోతు లేవి ఒక్కడే నసిగాడు.

"సార్, కాగితాలు మోసేది నేను గదా. ఒక్క మాట..."

"ఈ పటంలో నీకు గడి లేదోయ్!" అన్నారు పార్థసారథి గారు.

నిజమే, లేదు. కాగితాలు వాటంతటవే నడిచిపోతున్నట్టు గీశారు మహానుభావుడు.

ఇంతలో నందికొట్కూరు నుంచి సుబ్బక్క వచ్చింది. అర్జీతోపాటు భూమి పట్టా, అదీ అసలు కాగితం, ఇచ్చి ఆర్నెల్లయింది. రేపు కోర్టులో చూపకపోతే మూడెకరాల చేను దాయాదుల పాలవుతుంది.

"నా పట్టా యాడ పెట్టినారు సామీ? చేను పోతే నా బిడ్డలేం తినల్ల?"

పార్థసారథి గారికి పండగే. పటానికి ఇంతకంటే మంచి పరీక్ష ఏముంటుంది? బెత్తం పట్టుకుని బాణాల వెంట బయలుదేరారు. బల్లలన్నీ తిరగేయించారు. నలభయ్యో గడి దగ్గర ఎవరిదో టీ గ్లాసు దొరికింది. లేవి మూడుసార్లు నోరు తెరిచాడు. మూడుసార్లూ "ష్" అన్నారు.

"ఇక్కడ లేదంటే నువ్వు ఇవ్వనే లేదన్నమాట. పటం అబద్ధం చెప్పదు," అని తేల్చేశారు.

సుబ్బక్క నేల మీద కూలబడి ఏడ్చింది. చూడలేకపోయాడు లేవి. మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

"నీకేమన్నా తెలుసా అప్పా?" అందామె.

ఆ ఆఫీసులో అతన్ని ఒక మాట అడిగిన మొదటి మనిషి ఆమే. లేవి గుంజ దగ్గరికి పోయి, పటాన్ని దించి, వెనక్కి తిప్పాడు.

"అట్ట చేసేకి పనికిరాని కాగితాలని సారే ఒక కట్ట ఇచ్చినారక్కా, అన్నీ గంజి పెట్టి అంటించినా, అదిగో నీ ఏలిముద్ర, దాని పక్కనే నీ పట్టా."